పాత్రకి యాస పెడితే సరిపోతుందా? ఎక్కువ తక్కువలు మాటలో ఎక్కడ వినపడతాయి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. నలభై నిమిషాల నాటిక రాస్తున్నారు, అందులో భార్యాభర్తలు, వాళ్ళింట్లో పనిచేసే ఆవిడ, వాచ్‌మన్ ఉన్నారు. చదివినవాళ్ళు "అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు" అన్నారని పనావిడకి శ్రీకాకుళం యాస, వాచ్‌మన్‌కి తెలంగాణ యాస, భార్యాభర్తలిద్దరికీ ఇంగ్లీషు కలిపిన తెలుగు పెట్టారు. ఇప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తోంది గానీ మీరు చూపిద్దామనుకున్న అసమానత రావట్లేదు, పైగా రిహార్సల్లో నవ్వుతున్నారు, ఏం చెయ్యాలి అని.

సూటిగా చెప్తా. యాస తీసెయ్యక్కర్లేదు, కానీ ఆ బరువంతా యాస మీద పెట్టకండి. యాస వల్ల మనిషి ఎక్కడ పెరిగాడో తెలుస్తుంది, అంతవరకే. ఎవరు ఎవరికి లోబడి బతుకుతున్నారో తెలియాలంటే వేరేవి వినాలి. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారు, నేరుగా అడిగే హక్కు ఎవరికుంది, వాక్యం మధ్యలో ఆపేసినా ఎవరికి చెల్లుతుంది, ప్రతిదానికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఎవరు, ఎదుటి మనిషి మారగానే గొంతు మార్చుకోక తప్పనిది ఎవరికి. ఇవి పట్టుకుంటే మీ నాలుగు పాత్రలూ ఒకే ఊరి భాష మాట్లాడినా తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

నేను పరిషత్ నాటికలు, అంటే నాటక పోటీల్లో ఆడేవి, రాస్తూ, వేయిస్తూ ఇరవై ఏళ్ళు దాటింది, మధ్యలో కొన్నాళ్ళు సినిమాలకి డైలాగుల దగ్గర పనిచేశా. మీరు చేసిన పొరపాటే నా మొదటి నాటికల్లో నేనూ చేశా, కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతా.

వాటిల్లో ఒక నాటికలో ఇంట్లో పనిచేసే ఆవిడ పిల్లాడికి జ్వరం, మర్నాడు సెలవు అడగాలి. నేను రాసిన డైలాగు: "అమ్మగోరండీ, మా బుడ్డోడికి జొరమొచ్చినాదండీ, రేపు నాను రానండీ." ఆ పాత్ర వేసిన అమ్మాయి చాలా బాగా చేసింది, నిజంగానే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది, అయినా హాల్లో నవ్వారు. వాళ్ళు నవ్వింది ఆవిడ కష్టానికి కాదు, "జొరమొచ్చినాదండీ"కి. ఆ పలుకుబడిని జనం అంతకుముందు ఎన్నోసార్లు కామెడీ సీన్లలోనే విన్నారు, చెవి అలా అలవాటుపడిపోయింది. తప్పు నటిది కాదు, ప్రేక్షకులదీ కాదు, ఆవిడ పేదరికాన్ని నేను అక్షరాల మీద రంగులా పూశాను తప్ప ఆవిడ పరిస్థితిని మాటల్లోకి తేలేదు.

తర్వాతి ప్రదర్శనకి ఆ సీన్ మళ్ళీ రాశా. ఇలా వచ్చింది:

"అమ్మా, గట్టు కూడా తుడిచేశానండి."
"ఊఁ."
"రేపటి బట్టలు కూడా ఇవాళే నానబెట్టి ఉతికేశానండి."
"రేపటివి ఇవాళెందుకు?"
"ఏం లేదండి... పిల్లాడికి ఒళ్ళు వెచ్చగా ఉందండి."
"ఎల్లుండి మాత్రం తొందరగా రా."

చూడండి, ఆవిడ అసలు సెలవు అడగనే లేదు. అడిగే హక్కు తనకి లేదని ఆవిడకి తెలుసు, అందుకని సెలవు ఖరీదు ముందే పనిరూపంలో కట్టేసి, ఆ తర్వాత కారణం చెప్పింది, అదీ "ఏం లేదండి" అని మొదలుపెట్టి. యజమానురాలు చెడ్డదేం కాదు, తిట్టలేదు, తను మంచిగానే ఉన్నాననుకుంటోంది, పిల్లాడికి ఎలా ఉందని మాత్రం అడగలేదు. అదే సీన్ చివర్లో యజమానురాలు తన ఆఫీసుకి ఫోన్ చేస్తుంది: "రేపు నేను రావట్లేదండి, బాబుకి ఒంట్లో బాలేదు." ఒక్క వాక్యం, ముందు సమాచారం, వెనక కారణం, అయిపోయింది. హాల్లో ఒక్కళ్ళు నవ్వలేదు. యాస దాదాపు తీసేశాం, "అండి" ఒక్కటీ మిగిలింది, ఆ రెండు "సెలవు"ల మధ్య దూరం అందరికీ వినపడింది.

అందుకే నేను ఎవరికి చెప్పినా ముందు ఇదే చెప్తా: ఒకే పనిని రెండు పాత్రల చేత చేయించండి. సెలవు అడగడం, అప్పు అడగడం, తప్పు ఒప్పుకోవడం, దారి అడగడం, ఏదైనా సరే. పైనున్న మనిషికి అది ఒక వాక్యం. కిందున్న మనిషికి అది ఐదు వాక్యాలు, అందులో నాలుగు అసలు సంగతికి ముందు వేసే మెట్లు.

ఇది ఇవాళ పుట్టిన సమస్య కూడా కాదు. మన సంస్కృత నాటకాల్లో భాషే మనిషికో మెట్టు కేటాయించేది, నాట్యశాస్త్రం ఏ పాత్రకి ఏ భాష అని లెక్క రాసిపెట్టింది. రాజు, మంత్రి, ఋషి సంస్కృతం, ఆడవాళ్ళు చాలావరకు శౌరసేని, కింది పనులవాళ్ళు మాగధి, ఇవన్నీ ప్రాకృతాలు, అంటే అప్పటి జనం మాటల మీద నడిచిన భాషలు. రాజు పక్కనుండే హాస్యగాడు విదూషకుడు బ్రాహ్మణుడైనా ప్రాకృతమే. అంటే దుష్యంతుడు సంస్కృతంలో మాట్లాడుతుంటే శకుంతల ప్రాకృతంలో జవాబు చెప్తుంది, భార్యాభర్తలే, ఒకే గదిలో రెండు భాషలు. కేటాయింపు ఇంత గట్టిగా ఉన్నా కాళిదాసు దాని మీదే ఆధారపడిపోలేదు, నాకు ఆయన దగ్గర దండం పెట్టాలనిపించేది అక్కడే. శాకుంతలం ఆరో అంకం మొదట్లో జాలరి సీన్ ఉంటుంది, వీలైతే ఒకసారి చదవండి, మీ నాటికకి ఇంతకంటే పాఠం లేదు.

రాజుగారి ఉంగరం దొరికిందని జాలరిని పెడరెక్కలు విరిచికట్టి తీసుకొస్తారు ఇద్దరు భటులు, వాళ్ళ మీద ఒక పై అధికారి, ఆయన రాజుగారి బావమరిది. జాలరీ, భటులూ మాట్లాడేది ఒకటే మాగధి, ర బదులు ల, స బదులు శ పలికే భాష. అంటే యాసలో వాళ్ళ మధ్య తేడా లేదు. మరి తేడా ఎక్కడుందంటే, భటులు వాణ్ణి దొంగా అని పిలుస్తారు, వాడు వాళ్ళని అయ్యలారా దయచూడండి అంటాడు. ఉంగరం నేను దొంగిలించలేదు అంటే, "ఏం, నువ్వు గొప్ప బ్రాహ్మడివని రాజుగారు దానం ఇచ్చారా" అని ఎకసెక్కం చేస్తారు. నేను చేపలు పట్టుకుని బతికేవాణ్ణి అంటే పై అధికారి "ఎంత పవిత్రమైన వృత్తి!" అంటాడు. దానికి జాలరి జవాబు, పుట్టుకతో వచ్చిన పని నిందించదగ్గదైనా వదలకూడదంటారు, దయగల శ్రోత్రియుడు, అంటే వేదం చదివిన బ్రాహ్మడు కూడా యజ్ఞంలో పశువుని చంపుతాడు కదా అని. చేతులు కట్టేసి ఉన్న మనిషి అన్న మాట అది, తిరగబడ్డట్టు ఉండదు, వినయంగానే ఉంటుంది, అయినా ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది.

ఆ తర్వాత రాజు ఉంగరం విలువకి సమానమైన బహుమతి ఇస్తాడు. వాడు అందులో సగం భటులకి ఇస్తాను అంటాడు. అంతే, చంపడానికి చేతులు దురదపెడుతున్నాయన్నవాళ్ళు మెత్తబడిపోతారు, పై అధికారి "ఇప్పుడు నువ్వు నాకు ప్రియమిత్రుడివి" అని కల్లుదుకాణానికి పదమంటాడు. ఈ రెండు పేజీల్లో ఎవరి యాసా మారలేదు, పిలుపు మారింది. దొంగ కాస్తా మిత్రుడయ్యాడు. అసమానత అంతా ఆ పిలుపులో ఉంది, డబ్బు రాగానే అది ఎంత చప్పున కరిగిందో కూడా అందులోనే ఉంది.

తెలుగులో పిలుపే మనకున్న పెద్ద ఆయుధం, చాలామంది కొత్త రచయితలు దీన్ని వాడుకోరు. ఇంగ్లీషువాడికి ఒక్క "యూ" ఉంది, మనకి నువ్వు, మీరు, తమరు ఉన్నాయి, వాడు, అతను, ఆయన, వారు ఉన్నాయి, రా, రండి, దయచెయ్యండి ఉన్నాయి. ఒకే పేరు ఎన్ని రకాలుగా అరుగుతుందో చూడండి: వెంకటేశ్వరరావుగారు, వెంకటేశ్వర్లు, వెంకటయ్య, ఎంకన్న, ఎంకిగాడు. పేరు పూర్తిగా పలికించుకోవడం కూడా ఒక ఆస్తే. పదేళ్ళ పిల్లాడు అరవయ్యేళ్ళ మనిషిని "ఒరేయ్" అంటే, ఆ పెద్దాయన "చినబాబుగారూ" అని పలికితే, ఇంక ఆ ఊరి చరిత్ర గురించి మీరు వేరే డైలాగు రాయక్కర్లేదు.

ఇందులో ఇంకో సంగతి, నాకు మామూలు జీవితంలో విని గుండె కలుక్కుమన్నది. ఒక ఆఫీసులో కాగితం పట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డాడు. లోపల కూర్చున్నాయన ఆయనవైపు చూడకుండా పక్కనున్న గుమాస్తాని అడిగాడు, "ఏంటంట ఈయనకి?" గుమాస్తా ఆ పెద్దాయన్ని అడిగాడు, "ఏంటి నీకు?" ఆయన గుమాస్తాకి చెప్పాడు, గుమాస్తా లోపలాయనకి చెప్పాడు. ముగ్గురి మధ్యా రెండడుగుల దూరం లేదు. ముగ్గురిదీ అదే జిల్లా, అదే యాస. పైగా లోపలాయన "ఈయన" అనే అన్నాడు, మర్యాద లోపించలేదు, కానీ ఎదురుగా ఉన్న మనిషిని ప్రథమ పురుషలో పెట్టడం అంటే నువ్వు ఇక్కడ లేవు అని చెప్పడమే. తర్వాత నేను రాసిన ప్రతి నాటికలోనూ దీన్ని ఎక్కడో ఒకచోట వాడుకున్నా. మీ నాటికలో భార్యాభర్తలు వాచ్‌మన్ గురించి వాచ్‌మన్ ముందే మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో చూడండి, గొడవ అవసరం లేదు, మామూలుగా, ఫ్యాన్ రిపేరు గురించి మాట్లాడినట్టు.

ఇంగ్లీషు సంగతికొస్తే, మీరు యజమానులకి ఇంగ్లీషు ముక్కలు పెట్టానన్నారు. దాన్ని చదువుకి గుర్తుగా వాడితే చప్పగా ఉంటుంది, ఎందుకంటే ఇవాళ ఇంగ్లీషు మాటలు అందరి నోటా ఉన్నాయి, వాచ్‌మన్ కూడా "డ్యూటీ", "టైమింగ్స్", "టెన్షన్" అనే అంటాడు. ఇంగ్లీషు బలం దాన్ని ఎవరి ముందు, ఎవరికి అర్థం కాకుండా వాడుతున్నారన్న దాంట్లో ఉంది. 1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో గురజాడ దీన్ని ఎంత బాగా పట్టుకున్నాడో. గిరీశం, వెంకటేశం కలిసి అగ్నిహోత్రావధాన్లు ముందు ఇంగ్లీషులో సంభాషణ చేస్తారు, నిజానికి అది చిన్నపిల్లల పద్యం ముక్క ఒకటి, రీడర్లో వాక్యం ఒకటి, రేఖాగణితం ముక్క ఒకటి, దేనికీ దేనితో సంబంధం లేదు. వేదం చదివిన మనిషి, ఇంటి పెద్ద, అర్థం కాక ఏం మాట్లాడుకున్నారని అడగాల్సొస్తుంది. ఆ క్షణంలో ఆ ఇంట్లో పెద్దరికం చేతులు మారింది. అర్థం లేని మాటలతో మారింది! కాబట్టి ఇంగ్లీషు పెట్టే ప్రతిచోటా ఇది ఎవర్ని బయట నిలబెడుతోంది అని అడగండి, ఎవర్నీ బయట నిలబెట్టకపోతే ఆ ముక్క తీసెయ్యండి.

గొంతు విషయంలో నటులు దాదాపు ప్రతిసారీ చేసే పొరపాటు ఒకటుంది. అధికారం ఉన్న పాత్ర ఇస్తే అరుస్తారు, బీదపాత్ర ఇస్తే గొణుగుతారు. బయట చూడండి, నిజంగా పవరున్న మనిషి మెల్లగా మాట్లాడతాడు, ఎందుకంటే వినాల్సిన అవసరం ఎదుటివాళ్ళది. వాక్యం పూర్తి చెయ్యడు, "ఆ ఫైలు అదీ..." అని ఆపేస్తే మిగతాది వాళ్ళే పూరించుకుని పరిగెడతారు. గట్టిగా అరిచేది చాలావరకు మధ్యలో ఉన్నవాడు, మేస్త్రీ, సూపర్‌వైజరు, హెడ్ గుమాస్తా, తన స్థానం జారిపోతుందేమోనన్న భయం ఉన్నవాడు. కిందున్నవాళ్ళు గొణగరు, చాలా స్పష్టంగా మాట్లాడతారు, ఎందుకంటే "ఏంటీ?" అని రెండోసారి అడిగించుకోవడం వాళ్ళకి ప్రమాదం. ఒక నాటికలో భూస్వామి పాత్రధారికి మొత్తం సగం గొంతుతో చెప్పమన్నా, మొదట ఒప్పుకోలేదు, వెనక వరసకి వినపడదన్నాడు. పక్కనున్న నలుగురు నటుల్నీ అతను నోరు తెరవగానే కదలడం ఆపమని చెప్పా. వినపడింది.

సినిమా దగ్గర ఇదంతా ఇంకా చిక్కు. 1932లో టాకీ వచ్చాక కొన్నేళ్ళకి కృష్ణా, గుంటూరు వైపు చదువుకున్నవాళ్ళ మాట "మామూలు తెలుగు" అయి కూర్చుంది, మిగతావన్నీ "యాస"లయ్యాయి. దాంతో తెలంగాణ మాట దశాబ్దాల పాటు విలన్ పక్కన రౌడీకో, కమెడియన్‌కో, పనివాడికో తప్ప హీరోకి దక్కడం అరుదు. రాయలసీమ మాట వచ్చిందంటే కత్తులు, ఉత్తరాంధ్ర మాట వచ్చిందంటే అమాయకుడు. 2014లో రాష్ట్రం వచ్చాక, ఆ చుట్టుపక్కల ఏళ్ళ నుంచీ తెలంగాణ మాట మాట్లాడే హీరోలు, హీరోయిన్లు బాగానే వచ్చారు, అది నిజంగా సంతోషం. కానీ ఆ పాత అలవాటు ప్రేక్షకుడి చెవిలో ఇంకా ఉంది, మీ వాచ్‌మన్‌కి తెలంగాణ పెట్టగానే నవ్వు వచ్చింది దానివల్లే. నేను పనిచేసిన ఒక సినిమాలో ఒకే బస్తీలో పుట్టి పెరిగిన అన్నాచెల్లెళ్ళున్నారు, చెల్లెలు బస్తీ భాష, అన్న హీరో కాబట్టి శుభ్రమైన పుస్తకం తెలుగు. డబ్బింగ్ దగ్గర కూడా పోట్లాడా, హీరోకి ఆ భాష పెడితే స్థాయి తగ్గుతుందన్నారు. చెల్లెలికి తగ్గని స్థాయి అన్నకి ఎలా తగ్గుతుందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒక్క ఇంట్లో వాళ్ళకి ఒక్క భాషే రాయండి, నాయకుడైనా సరే.

మీరు పెట్టుకున్న కేటాయింపునే తిరగేసి చూడండి ఒకసారి, యజమానికి శ్రీకాకుళం మాట, పనావిడకి కృష్ణా మాట. శ్రీకాకుళంలో పుట్టిన పెద్ద ఆఫీసర్లు లేరా, బెజవాడలో పాచిపని చేసుకునేవాళ్ళు లేరా? తిరగేశాక కూడా ఎవరు పైనో తెలుస్తుంటే మీ డైలాగు బలంగా ఉన్నట్టు. తెలియకపోతే యాస చాటున దాక్కున్నట్టు.

ఇంకో ముఖ్యమైన మాట, దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. కిందున్నవాళ్ళని ఎప్పుడూ పైవాళ్ళ ముందే చూపిస్తే వాళ్ళకి ఉన్నది "అండి" ఒక్కటే అనిపిస్తుంది. వాళ్ళు వాళ్ళతో ఉన్నప్పుడు భాష ఎంత పచ్చిగా, ఎంత చురుగ్గా ఉంటుందో! సామెతలు, బూతులు, ఎగతాళి, దొరగారి నడకని అనుకరించడం. బాంచెన్ అనే మాటే తీసుకోండి, "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నప్పుడు అది నేను నీ బానిసని అనడం, ఆ మాట వెనక ఎన్ని తరాల వెట్టి ఉందో. అదే మాట ఇవాళ ఇద్దరు దోస్తులు నవ్వుకుంటూ ఊతపదంలా వాడేస్తారు. అదే పదం, ఎవరు ఎవరితో అన్నదాన్ని బట్టి సంకెల అవుతుంది, సరదా అవుతుంది. అందుకే యజమాని గదిలో "అండి" అన్న పాత్రకి మెట్ల కింద ఒక సీన్ తప్పకుండా ఇవ్వండి. ఆ రెండు గొంతులూ విన్నాకే మొదటి గొంతు వేషంలా వేసుకున్నదని తెలుస్తుంది ప్రేక్షకుడికి.

బెర్నార్డ్ షా ఇంగ్లీషు నాటకం "పిగ్మేలియన్"లో ఒక ప్రొఫెసర్ పూలమ్మే అమ్మాయికి దొరసానిలా మాట్లాడ్డం నేర్పుతాడు, అది ఉచ్చారణ గురించి అని చాలామంది అనుకుంటారు. చివరికొచ్చేసరికి ఆ అమ్మాయి చెప్పేది వేరు, పూలమ్మే పిల్లకీ దొరసానికీ తేడా తను ఎలా నడుచుకుంటుందన్న దాంట్లో లేదు, ఎదుటివాళ్ళు ఎలా చూస్తారన్న దాంట్లో ఉంది అంటుంది. తనకి ఆత్మగౌరవం మొదలైంది ఉచ్చారణ నేర్పిన ప్రొఫెసర్ వల్ల కాదు, మొదటి రోజే తనని "మిస్ డూలిటిల్" అని పిలిచిన ఇంకో పెద్దమనిషి వల్ల అంటుంది. మళ్ళీ పిలుపే.

కొన్ని జాగ్రత్తలు. బీదపాత్ర చేత మీ ఉపన్యాసం చెప్పించకండి, చివరి సీన్లో పనావిడ ఒక్కసారిగా సమాజం గురించి రెండు పేజీలు మాట్లాడితే చప్పట్లు పడతాయి గానీ ఆ మనిషి చచ్చిపోతుంది, అక్కడ మాట్లాడేది మీరే అని తెలిసిపోతుంది. అలాగే మీది కాని యాస రాయాల్సొస్తే సినిమాల నుంచి నేర్చుకోకండి, ఆ మాట మాట్లాడేవాళ్ళ దగ్గర కూర్చోండి, రాశాక వాళ్ళలో ఒకరి చేత చదివించండి, వాళ్ళు "మేమిలా అనం" అంటే వాదించకుండా కొట్టెయ్యండి. ఒత్తులు, దీర్ఘాలు సాగదీసి రాయడం కంటే వాక్యం నడక, క్రియ చివర, ఒకటి రెండు సొంత మాటలు పట్టుకుంటే చాలు, మిగతాది నటుడు చూసుకుంటాడు. ఇంకా, ఎక్కువ తక్కువలు ఒకే వరసలో ఉండవు. మీ యజమానురాలు పనావిడ ముందు పైన, భర్త ముందు ఏమిటి? వాచ్‌మన్ మగవాడు, పనావిడ ఆడమనిషి, గేటు దగ్గర వాళ్ళిద్దరిలో ఎవరు ఎవర్ని నువ్వంటారు? ఇది తేల్చకుండా డైలాగు మొదలుపెడితే మళ్ళీ యాసే దిక్కవుతుంది.

మీరు ముందు చెయ్యాల్సింది నా దృష్టిలో ఒక్కటే. వాచ్‌మన్ ఇంటికి ఫోన్ చేసే సీన్ ఒకటి రాయండి, నాటికలో ఉంచకపోయినా పర్లేదు. కూతుర్ని ఏమని పిలుస్తాడు, భార్య మీద విసుక్కుంటాడా, డబ్బు పంపించడం గురించి ఎలా మాట్లాడతాడు, ఏ జోక్‌కి నవ్వుతాడు. అది రాశాక, ఆ ఫోన్ మధ్యలో కారు హారన్ వినిపిస్తుంది, అతను ఫోన్ కట్ చేసి గేటు తీస్తూ "సార్" అంటాడు. ఆ ఒక్క "సార్" ఎలా వస్తుందో మీకు చెవిలో వినపడ్డాక మిగతా సీన్లు తిరగరాయడం మొదలుపెట్టండి.